బెనిన్ వాళ్ళు వదిలేసిన పేరు

మా ఊరు పెరియంపట్టికి దగ్గర. పేరు మాత్రం చెప్పను. మా పేరు సరిగ్గా పిలవడానికి నోరు రాని ఊరి పేరు నేనెందుకు చెప్పాలి? ధర్మపురి జిల్లా అని తెలిస్తే చాలు. ఊరు ఒక పక్క, వాగు దాటితే మా వాడ ఇంకో పక్క. రెండు పక్కలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే, గడప దాటితే తమిళం. వాళ్ళు తెలుగులో తిడతారు, మేం తెలుగులో పడతాం. మాకూ వాళ్ళకూ ఉన్న చుట్టరికం అదొక్కటే.

నా పేరు మలర్. మిషను మీద జాకెట్లు కుడతాను. చిన్నప్పుడు ధర్మపురిలో హాస్టల్లో ఉండి చదువుకున్నాను, అక్కడే ఫుట్‌బాల్ ఆడాను, గోల్ కాసేదాన్ని. పెళ్ళయ్యాక ఆట పోయింది, నోరు మిగిలింది. మలర్‌కు నోరెక్కువ అంటారు. అననీ. ఆ నోటితోనే మా వాడ ఆడపిల్లలను పొద్దున్నే నిద్ర లేపి, వాగు ఇసుకలో పరుగెత్తించి, ఒక జట్టు చేశాను. జట్టుకు కెప్టెను మా అక్క కూతురు వెన్నిల. అక్క పోయినప్పటి నుంచి నా దగ్గరే పెరిగింది. అప్పటికి తొమ్మిదో తరగతి చదువుతూ, పొద్దున పూట ఊళ్ళో పెద్ద రైతు నంజప్ప చేలో చామంతులు కోసి బడికి పోయేది.

మా వైపు ప్రతి ఇంటికీ ఒక పట్టపేరు ఉంటుంది. ఊళ్ళో వాళ్ళవి గొప్పగానే ఉంటాయి. పెద్దబావి వాళ్ళు, జోడెడ్ల వాళ్ళు, ఇలాగ. మా వాడకు వచ్చేసరికి అవి కూలి చేయించుకునే వాళ్ళ నోటి నుంచి ఊడిపడతాయి. మా నాయన కాళియన్ ఒకనాడు ఒళ్ళు కాలుతుంటే, కలుపు తీయడం ఆపి గట్టు మీద కాసేపు కూర్చున్నాడు. నంజప్ప వాళ్ళ నాయన చూసి, "ఏరా నత్తా!" అన్నాడు. అంతే. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ మా నాయన అందరికన్నా ముందే చేలో ఉండేవాడు. అయినా నత్తే. నేను నత్త కూతుర్ని. ఆయన చచ్చిపోతే బస్‌స్టాండులో అంటించిన పోస్టరు మీద, ఫొటో కింద 'నత్త కాళియన్' అని అచ్చు వేశారు. చించేద్దామని పోతే మా అమ్మ గోవిందమ్మాళ్ చెయ్యి పట్టుకుంది.

"నేనే ఏయమన్నానే," అంది. "ఉత్త కాళియన్ అంటే ఎవురికి తెలుస్తాది? ఈ చుట్టుపక్కల ఎంతమంది కాళియన్లు లేరు! నత్త అంటేనే కదా నలుగురూ వచ్చి ఎత్తేది."

ఆ కోపంతో చాన్నాళ్ళు అమ్మతో మాట్లాడలేదు నేను. పేరంటే నాకు ఎంత మంటో తెలియాలని ఇదంతా చెప్పాను. ఇక ఆట సంగతికి వస్తాను.

నంజప్పకు మామిడి తోపులున్నాయి, పూల చేలున్నాయి. ఏటా ఎండాకాలం సెలవుల్లో, ఖాళీగా పడి ఉన్న తన చెనక్కాయ చేలో ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీ పెట్టిస్తాడు. జట్టుకు ఏడుగురు. మొరప్పూర్ నుంచి, అదియమాన్‌కోట్టై నుంచి, ఇంకా అటూ ఇటూ ఊళ్ళ నుంచి పిల్లలు వస్తారు. ఊరి జట్టొకటి, మా జట్టొకటి. మైకు నంజప్ప కొడుకు ముఖేశ్‌ది. హోసూరులో ఉద్యోగం, ఫుట్‌బాల్ అంటే పిచ్చి. మొదటి ఏడే అతనికి ఒక ముచ్చట పుట్టింది. దేశాల జట్లకు ముద్దు పేర్లుంటాయట. కామెరూన్ వాళ్ళు సింహాలు, నైజీరియా వాళ్ళు గద్దలు, ఐవరీ కోస్ట్ వాళ్ళు ఏనుగులు, అల్జీరియా వాళ్ళు ఎడారి నక్కలు, ఘనా వాళ్ళు నల్ల నక్షత్రాలు. మన పోటీలో ఊళ్ళ పేర్లు వద్దు, ఈ పేర్లే పెట్టుకుందాం అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ నచ్చింది. ఊరి పేరే లేకపోతే వాడ పేరూ ఉండదు కదా.

పేర్లకు చీటీలు వేశామన్నారు. చీటీ తీయడానికి మమ్మల్ని పిలిచినవాడు లేడు. మా తరఫున ముఖేశే తీశాడట. ఊరి జట్టుకు సింహాలు వచ్చింది. ఆ జట్టు కెప్టెను అతని చెల్లెలు శాలిని. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని ఊరికే అన్నారా? మాకొచ్చింది ఉడుతలు. బెనిన్ అని ఆఫ్రికాలో ఒక దేశముందట, వాళ్ళ జట్టు పేరు ఉడుతలట.

తమిళంలో ఉడుతను అణిల్ అంటారు. మైకులో "అణిల్! అణిల్!" అని అతను అరిస్తే జనం నోటితో కిచకిచమనేవాళ్ళు. పిల్లలు తల వంచుకుని మైదానంలోకి దిగేవాళ్ళు. నేను పోయి అడిగితే నంజప్ప కడుపునిండా నవ్వాడు.

"ఉడుతంటే ఏమనుకున్నావు మలరూ? రాముడు చేత్తో వీపు నిమిరిన జీవం అది. అంత పుణ్యం సింహానికి ఉండాదా?"

పక్కనే ఉన్న మా అమ్మ ఊరుకోలేదు. "ఇసుక మోసింది ఉడుత, వారధి మీద నడిచింది పెద్దోళ్ళు. అట్లాంటి పుణ్యం మాకు దండిగా ఉండాదయ్యా," అంది. నంజప్ప ఇంకా గట్టిగా నవ్వాడు.

ఆట అయిపోయినా పేరు పోలేదు. పట్టపేరు ఎక్కడ పోతుంది? చామంతి చేలో మేస్త్రీ, "ఏయ్ ఉడుతా, ఆ సాలు నీది," అని వెన్నిలను పిలవడం మొదలుపెట్టాడు. బడిలో అదే పేరు, బస్సులో అదే పేరు. ఒకరోజు అది పూల బుట్ట విసిరికొట్టి ఇంటికొచ్చింది. గోడకేసి బంతిని తన్నుతూనే ఉంది. మా నాయనకు వచ్చిన రోగమే దీనికీ పట్టుకుంది. ఇది కూడా ఈ పేరుతోనే చావాలా?

అలా మూడో ఏడు పోటీ వచ్చింది. పోటీ మొదలయ్యే పొద్దున వెన్నిల సెల్లు పట్టుకుని పరుగున వచ్చింది.

"చిన్నమ్మా! బెనినోళ్ళు ఆ పేరు తీసేసినారు! ఉడుతంటే మరీ చిన్నగా ఉండాదని, చీతాలు అని మార్చుకున్నారు. రెండు వేల ఇరవై రెండులోనే!"

"మనకు ఈ పేరు పెట్టింది దాని తర్వాతనే కదా?"

"ఆఁ, ఆ తర్వాతనే."

పెద్దింటి వాళ్ళు కట్టి విడిచిన చీరలు మా వాడకు రావడం చూశాను. ఎక్కడో సముద్రాలకు అవతల విడిచిన పేరు కూడా వెతుక్కుంటూ మా వాడకే వచ్చిందంటే ఏమనాలి! మిషను మీది గుడ్డ అలాగే వదిలేసి, జట్టునంతా వెంటబెట్టుకుని చేలోకి పోయాను.

బయటి ఊళ్ళ జట్లన్నీ అప్పటికే వచ్చి ఉన్నాయి. ముఖేశ్ మైకు సర్దుతున్నాడు. వెన్నిల సెల్లు అతని ముందు పెట్టింది.

"అన్నా, చూడండి. వాళ్ళే మార్చుకున్నారు. మాకు కూడా చీతాలు అని పెట్టండి."

ముఖేశ్ చూశాడు. మొహం కొంచెం మాడింది. "పేర్లు అట్లా నడుమలో మార్చకూడదు వెన్నిలా. జనానికి అలవాటయిపోయింది," అన్నాడు.

"జనానికి అలవాటయింది, మాకు కాలేదు," అన్నాను నేను. నా గొంతుకు మొరప్పూరు పిల్లలు, వాళ్ళ మాస్టరు, సోడాలమ్మేవాడు అందరూ ఇటు తిరిగారు. నంజప్ప కుర్చీలోంచి లేచి వచ్చాడు. నలుగురి ముందు గొడవ అతనికి గిట్టదు. మైకు తీసుకున్నాడు.

"ఏమ్మా, పేరు గొప్ప, ఊరు దిబ్బ అయితే ఏం లాభం? ముందు ఆడండి. కప్పు గెలిస్తే వచ్చే ఏడు మీ పేరు మీరే పెట్టుకోండి. ఇది నంజప్ప మాట!"

జనం చప్పట్లు కొట్టారు. వెన్నిల నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంది. దానికి కప్పు అక్కరలేదని, పేరు కావాలని నాకు తెలుసు.

ఏం ఆడారమ్మా ఆ రోజు! గద్దలను కొట్టారు, నక్కలను కొట్టారు. చివరి ఆట సింహాలతో పడింది. శాలిని మొదట్లోనే ఒక గోల్ వేసింది. ముఖేశ్ మైకు పగిలేలా అరిచాడు. మా వాళ్ళు ఒకటి తిరిగి వేశారు. అప్పుడతనికి దగ్గు వచ్చింది. ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా బంతి వెన్నిల కాలికి దొరికింది. ఇద్దరిని దాటింది. మూడో పిల్ల కాలు అడ్డం పెడితే పడిపోబోయి, పడకుండానే తన్నింది. బంతి వలలో ఉంది. మా అమ్మ కొంగు నడుముకు చుట్టి చేలోకి దిగి గంతులు వేసింది. నేను ఏడ్చాను. సిగ్గెందుకు, బావురుమని ఏడ్చాను.

శాలిని వచ్చి వెన్నిల భుజం తట్టింది. "బాగా ఆడినావు," అంది. ఆ పిల్లను తప్పు పట్టను. కప్పు ఇస్తూ నంజప్పే మైకులో, "వచ్చే ఏడు వీళ్ళు చీతాలు," అన్నాడు. ఆ రాత్రి మా వాడ పసిపిల్లలు కూడా చీతా చీతా అని అరుస్తూ వీధిలో పరుగెత్తారు. మేస్త్రీ మర్నాడు ఉడుతా అని పిలిస్తే వెన్నిల పలకలేదు. పేరు పెట్టి పిలిచేదాకా పలకలేదు.

ఆ ఏడంతా నా మిషను మీద జాకెట్లు ఒక పక్క, జెర్సీలు ఒక పక్క. పసుపు పచ్చ గుడ్డ తెచ్చాను. నల్ల చుక్కలు వెన్నిలే గీసింది, నేను కత్తిరించి కుట్టాను. చుక్క చుక్కకూ వేళ్ళు పొడుచుకున్నాను. మా అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని దారం తీసేది. "ఇది చచ్చిపోయినప్పుడు పోస్టరు మీద చీతా వెన్నిల అని ఏస్తారు," అని నవ్వేది. నేను కూడా నవ్వేదాన్ని.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. పోటీ ఫ్లెక్సు కట్టారని తెలిసి వెన్నిల, నేను బస్‌స్టాండుకు పోయాం. సింహాలు లేవు. గద్దలు లేవు. ఏనుగులు లేవు. మొరప్పూర్ అని ఉంది, అదియమాన్‌కోట్టై అని ఉంది, మిగతా ఊళ్ళ పేర్లున్నాయి, మా ఊరి పేరుంది. అన్నిటికన్నా కింద, చివర 'కాలనీ' అని ఉంది.

మా వైపు కాలనీ అంటే అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టిన వాడ, ఆ మాట ఎలా అంటారో తెలియని వాళ్ళుండరు. వాడుకలో లేకుండా తీసేయమని సర్కారే చెప్పింది. నేను అక్కడి నుంచి తిన్నగా నంజప్ప ఇంటికి పోయాను. వాకిట్లో నిలబడే అడిగాను. లోపలికి రమ్మని వాళ్ళనరు, అది వేరే సంగతి.

"పేర్లతో పోటీ ఎక్కువయిపోయిందక్కా," అన్నాడు ముఖేశ్, నా మొహం చూడకుండా. "ఇకమీదట ఎవురి ఊరి పేరు వాళ్ళకే."

"మాది ఈ ఊరు కాదా?"

"ఊరికి రెండు జట్లుండాయి కదా. తేడా తెలియాలి కదా."

"అయ్యా, మీరు మాటిచ్చినారు," అన్నాను నంజప్పతో. "నలుగురి ముందర, మైకులో."

ఆయన తాంబూలం నములుతూ కూర్చున్నాడు. కోపం లేదు ఆయనకు. అదే నాకు ఒళ్ళు మండించింది. "పెట్టుకోండి అన్నాను. ఇప్పుడు మాత్రం వద్దన్నానా? చీతా అని పెట్టుకోండి, పులి అని పెట్టుకోండి. మీ ఇంట్లో పెట్టుకోండి. మైకు నాది కదమ్మా."

పోటీకి పోవద్దన్నాను నేను. వెన్నిల ఒప్పుకోలేదు. "పోకపోతే ఓడిపోతామని భయపడినారంటారు చిన్నమ్మా. పేరు పిలవకపోతే పోయె. చీతా చొక్కా ఏసుకుని ఆడతాం. చూసేవాళ్ళకు కళ్ళు లేవా?" అంది. దాని మాట కాదనలేకపోయాను.

పోయాం. పసుపు పచ్చ చొక్కాల్లో నా పిల్లలు మెరిసిపోతున్నారు. బయటి ఊరి జట్టులో వెన్నిలకు ఒక స్నేహితురాలుంది. ఏటా కలుస్తారు, బూట్లు మార్చుకుంటారు, ఒకే సీసాలో నీళ్ళు తాగుతారు. ఆ రోజు కూడా ఆ పిల్ల పరుగున వచ్చి, చుక్కలు తడిమి చూసి, "ఎక్కడ కుట్టించినారు?" అని తమిళంలో అడిగింది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

మైకులో ఊరి పేరుకు తమిళంలో అణి, అంటే జట్టు, అని చేర్చి ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. ఊరి పేరు చెప్పగానే చప్పట్లు. చివరకు ముఖేశ్ గొంతు, "కాలనీ అణి," అంది.

కిచకిచలు లేవు. నవ్వులు లేవు. చప్పట్లు కొట్టబోయిన చేతులు ఆగిపోయాయి. ఉడుతలంటే ఉడుతలు, ఎవరైనా కావచ్చు. ఇన్నేళ్ళూ బయటి ఊళ్ళ వాళ్ళకు మేమెవరమో తెలియదు. ఇప్పుడు తెలిసింది. వెన్నిల లేస్తూ, అలవాటు కొద్దీ ఆ పిల్ల సీసా కోసం చెయ్యి చాచింది. ఆ పిల్ల సీసా ఒడిలోకి లాక్కుంది. దాని మొహంలో కోపం లేదు, ఏదో మరిచిపోయినది గుర్తొచ్చినట్టు ఉంది. "నీళ్ళు అయిపోయినాయి," అంది. సీసా సగం నిండుగా కనబడుతూనే ఉంది.

వెన్నిల చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా దించుకుంది. నా వైపు రాలేదు. తిన్నగా నంజప్ప కుర్చీ దగ్గరికి నడిచింది. ఏదో అడగడానికే పోతున్నదని తెలిసి నేను దాన్ని లాక్కొద్దామని లేచాను. మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వదులు. అడగనీ," అంది.

అప్పుడు నాకు పోస్టరు గుర్తొచ్చింది. అమ్మ చెయ్యి విదిలించుకోలేకపోయాను. అంత నోరున్నదాన్ని, అమ్మ పక్కన మళ్ళీ కూర్చున్నాను.

"అయ్యా," అంది వెన్నిల. "మాకు ఉడుత పేరే ఇవ్వండి. పాతదే. చాలు."

నంజప్ప దాన్ని తేరిపార చూశాడు. ఆయన మొహం కరిగింది. నిజంగానే కరిగింది, అబద్ధం చెప్పను. లేచి దాని తల మీద చెయ్యి వేసి, మైకు తీసుకున్నాడు. "చిన్నపిల్ల నోరు తెరిచి అడిగింది. కాదంటానా? మిగతావాళ్ళకు ఊరి పేర్లే. ఈ పిల్లలకు మాత్రం మళ్ళీ ఉడుతలు అనే ఇస్తున్నాను!"

జనం హమ్మయ్య అనుకున్నారు. చప్పట్లు మోగాయి. ఎవరో ఆయన భుజాల మీద శాలువా కప్పారు. ముఖేశ్ మైకులో, "ఈ ఏడు మన ఉడుతలకు చుక్కలు కూడా వచ్చినాయి!" అన్నాడు. పగలబడి నవ్వారు. కిచకిచమన్నారు. మా పిల్లలు ఒకరినొకరు చూసుకుని, వాళ్ళు కూడా నవ్వారు. నేను చప్పట్లు కొట్టాను. కొట్టానని చేతులు మండాక తెలిసింది.

ఆట మొదలైంది. కాసేపటికే వెన్నిల గోల్ వేసింది. చెయ్యి ఎత్తలేదు, గంతు వేయలేదు. జనం అరుపుల్లో మైకు మాట కలిసిపోయింది. అది రొప్పుతూ గీత దగ్గరికి, నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"చిన్నమ్మా, మైకులో ఏమన్నాడు? నాకు వినపళ్ళేదు."

"ఉడుతలు అన్నాడు."

"కాలనీ అనలేదు కదా?"

"అనలేదు."

"అయితే సరే," అంది. చొక్కా చేతితో మొహం తుడుచుకుని మళ్ళీ ఆటలోకి పరుగెత్తింది.